అన్‌నోన్ అని చూపించే ప్రాసెసర్‌కు పేరు పెట్టాల్నా, వదిలేయాల్నా?

నల్లగొండ_అసెంబ్లర్
అసెంబుల్డ్ సిస్టంల మీద ఓపెన్‌కోర్‌తో (ఆపిల్‌ది కాని కంప్యూటర్‌లో మ్యాక్‌ఓఎస్‌ను బూట్ చేయించే ప్రోగ్రాం) మ్యాక్‌ఓఎస్ నడిపేటోళ్లకు ప్రశ్న. ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్ వంటి చిప్ ఉంటే 'అబౌట్ దిస్ మ్యాక్'లో ప్రాసెసర్ పక్కన 'అన్‌నోన్' అనో, అసలు లేని ఇంటెల్ పేరో వస్తది. దాన్ని సరిచేయడం అవసరమా? చేస్తే ఏ దారి?

పాలమూరు_పీసీ
అవసరం లేదు. అది గోడ మీద బోర్డు అన్నా, బోర్డు మారిస్తే ఇల్లు మారదు. వేగం పెరగదు, వేడి తగ్గదు. పైగా కొత్తోళ్లు దీన్నీ సీపీయూఐడీ (చిప్ తాను ఏ రకమో చెప్పుకునే గుర్తింపు) మార్పునూ ఒకటే అనుకొని ఆగమైతున్నరు. ఇంటెల్ 11, 12వ తరం చిప్‌లను మ్యాక్‌ఓఎస్ కెర్నల్ (సిస్టంకు గుండె లాంటి ప్రోగ్రాం) గుర్తుపట్టదు. అందుకే ఓపెన్‌కోర్ కాన్ఫిగ్ ఫైల్‌లో కెర్నల్ విభాగంలోని ఎమ్యులేట్ కింద కామెట్ లేక్ (ఇంటెల్ 10వ తరం) సీపీయూఐడీ ఇస్తం. అది లేకుంటే బూటే కాదు. పేరుది వట్టి అలంకారం. 'అన్‌నోన్' పోవాలని ఎమ్యులేట్‌లో చెయ్యి పెడితే నడిచే సిస్టం పడుకుంటది.

దేవరకొండ_కెర్నల్
పాలమూరు అన్న చెప్పిన తేడా నిజమే, వదిలేయాలన్న మాటతో మాత్రం కలవను. తప్పు పేరు కనబడుతుంటే సాయం అడిగినోడు స్క్రీన్‌షాట్ పెడతడు, అందరం లేని ఐ5 గురించి మాట్లాడుతం. సరిచేసుడు పది నిమిషాల పని.

ముందు ఓపెన్‌కోర్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాంతో బూట్ అయితదో లేదో చూడాలె. ఇది దాటేయొద్దు. తర్వాత అందులో రిస్ట్రిక్ట్‌ఈవెంట్స్ కెక్స్ట్ (కెర్నల్‌కు తగిలించే ఫైల్, కనబడే పేరును మార్చేది ఇదే) పెట్టాలె. కాన్ఫిగ్ ఫైల్‌లోని కెక్స్ట్‌ల వరుసలో లిలు (ఇది ఆధారపడే ఇంకో కెక్స్ట్) పైన, ఇది కింద. తారుమారైతే పని చేయదు. ప్లాట్‌ఫామ్‌ఇన్ఫో, జెనెరిక్‌లోని ప్రాసెసర్‌టైప్‌లో 8 కోర్లు, అంతకు పైన ఉంటే 3841, తక్కువుంటే 1537 రాయాలె. 5600ఎక్స్‌కు 6 కోర్లే కాబట్టి 1537.

ఏఎండీలో పేరు మార్చే పని దానంతటదే మొదలైతది. చిప్ చెప్పే పేరే తీసుకుంటది. ఇంటెల్‌లో బూట్-ఆర్గ్స్‌లో (బూట్ అయ్యేటప్పుడు సిస్టంకు ఇచ్చే ఆదేశాల వరుస) రెవ్‌సీపీయూ=1 వేయాలె.

సూర్యాపేట_రూట్
ఇంత దేనికి? సిస్టం ఫోల్డర్‌లో ఆపిల్‌సిస్టమ్‌ఇన్ఫో స్ట్రింగ్స్ ఫైల్ తెరిచి, అన్‌నోన్‌సీపీయూకైండ్ ఎదురుగా కావలసిన పేరు రాస్తే సరి. కెక్స్ట్ వద్దు, ఏం వద్దు.

దేవరకొండ_కెర్నల్
ఆ రోజులు పోయినయి తమ్మీ. 2019లో వచ్చిన కేటలినా నుంచి సిస్టం వాల్యూమ్ రీడ్-ఓన్లీ. 2020లో బిగ్ సర్‌తో దానికి సీల్ (ఏ ఫైల్ మారినా పట్టేసే తాళం) కూడా పడ్డది. ఒక్క అక్షరం మార్చాలన్నా భద్రతలు తీసేసి, కొత్త స్నాప్‌షాట్ (వాల్యూమ్ అప్పటి రూపం) చేసి, దాని మీద బూట్ కావాలె. ఆ తర్వాత చిన్న అప్‌డేట్ బదులు పూర్తి ఇన్‌స్టాలర్ దిగుతది, అప్‌డేట్ అయినంక రాసిన పేరు చెరిగిపోతది. కెక్స్ట్ ఈఎఫ్‌ఐలో ఉంటది కాబట్టి సిస్టం జోలికే పోదు.

నల్లగొండ_అసెంబ్లర్
పేరు మనకు నచ్చినట్టు రాసుకోవాలంటే? బూట్-ఆర్గ్స్‌లో రాస్తే మొదటి మాటే కనబడుతుందంట.

మిర్యాలగూడ_బూట్‌లోడర్
బూట్-ఆర్గ్స్‌ను ఖాళీ దగ్గర విడదీస్తరు, అందుకే. ఖాళీలున్న పేరును ఎన్‌వీర్యామ్‌లో (సిస్టం ఆపినా సెట్టింగులు నిలిచుండే మెమరీ) రెవ్‌సీపీయూనేమ్ కింద స్ట్రింగ్‌గా రాయాలె. 48 అక్షరాలు దాటొద్దు, 20 లోపుంటే మేలు. ఏ విభాగంలో అన్నది చూసుకోండి. 4డి1తో మొదలయ్యే విభాగాలు రెండు ఉంటయి, కండ్లు మోసపోతయి. ఓపెన్‌కోర్ శాంపిల్ ఫైల్‌లో ఆర్‌టీసీ-బ్లాక్‌లిస్ట్ అనే కీ ఉన్న విభాగమే మనది, 0102తో ముగుస్తది.

అందరూ తప్పేది ఇంకోటి. కాన్ఫిగ్‌లోని యాడ్ జాబితాలో పేరు మార్చినా పాతదే కనబడుతది, ఎందుకంటే ఎన్‌వీర్యామ్‌లో ముందే ఉన్న విలువ మీద ఓపెన్‌కోర్ రాయదు. అదే కీని డిలీట్ జాబితాలో కూడా పెట్టాలె, లేకుంటే బూట్ మెనూలో ఎన్‌వీర్యామ్ రీసెట్ చేయాలె.

ఏఎండీ వాళ్లు కోర్ల సంఖ్య కెర్నల్ ప్యాచ్‌లలో సరిగ్గుందో లేదో కూడా చూడండి. రెండో బైటు హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో): 6 కోర్లకు 06, 12కు 0సి, 16కు 10. పదహారని 16 రాసేటోళ్లున్నరు. అది 22 అయి కూర్చుంటది, బూట్ మధ్యలోనే ఆగుతది. ప్రాసెసర్‌టైప్ తప్పైతే పేరే చెడుతది, ఇది తప్పైతే సిస్టమే లేవదు.

పాలమూరు_పీసీ
నా అసలు అభ్యంతరం ఇదే. ఏది రాస్తే అది చూపిస్తదంటే, ఐ5 మీద ఐ9 అని రాసి సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేస్తరు. 'అన్‌నోన్' కనీసం అబద్ధం చెప్పదు.

దేవరకొండ_కెర్నల్
అట్లైతే రెవ్‌సీపీయూనేమ్ ముట్టొద్దు, చిప్ ఇచ్చే పేరే రానివ్వండి. నేనూ గదే చెప్త.

మిర్యాలగూడ_బూట్‌లోడర్
కొనేటోళ్లు ఆ కిటికీని నమ్మనే నమ్మొద్దు. టెర్మినల్‌లో సిస్‌సీటీఎల్ కమాండ్‌తో మ్యాక్‌డెప్ కింది బ్రాండ్ స్ట్రింగ్ అడిగితే చిప్ పేరే వస్తది, కెక్స్ట్ మార్చేది తెర మీద కనబడే మాటనే. అది కూడా నమ్మకం లేకుంటే సిస్టం రీస్టార్ట్ చేయించి బయోస్ మొదటి పేజీ చూడండి. అమ్మేటాయన బయోస్‌కు పాస్‌వర్డ్ ఉంది, తెరవను అంటే పైసలు జేబులోనే పెట్టుకోండి.