బ్యాంకు స్టేట్‌మెంటుకీ మా లెక్కకీ 4,500 తేడా, సస్పెన్స్‌లో వేసేయొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. బెంగళూరు చిక్‌పేటలో మా బావగారి హోల్‌సేల్ చీరల కొట్టు లెక్కలు నేనే చూస్తున్నాను. మార్చి 31కి టాలీలో (మేము లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బ్యాంకు నిల్వ 3,86,450. స్టేట్‌మెంటులో 4,14,360. ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ వచ్చాను. ధర్మవరం నేతగాళ్ళకి ఇచ్చిన 32,000 చెక్కు వాళ్ళింకా బ్యాంకులో వేయలేదు. 31 సాయంత్రం కార్డు మీద అమ్మిన 8,000 ఏప్రిల్‌లో పడింది. బ్యాంకు చార్జీ 590 మా పుస్తకంలో లేదు. ఇవన్నీ సర్దినా ఇంకా 4,500 బ్యాంకులోనే ఎక్కువ ఉంది. ఆడిటర్ ఆఫీసు కుర్రాడు సస్పెన్స్‌లో, అంటే తేలని తేడాలు పెట్టే ఖాతాలో, వేసేయమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు:
క్యాష్ డిపాజిట్ చూశారా అక్కా? గల్లా డబ్బు బ్యాంకులో కట్టి కాంట్రా ఎంట్రీ (గల్లా నుంచి బ్యాంకుకి మారినట్టు రాసే పద్దు) వదిలేస్తే ఇలాగే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. గల్లా లెక్క రూపాయితో సహా సరిపోయింది.

జవాబు:
అవెన్యూ రోడ్డులో చాలా ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. సస్పెన్స్ వద్దమ్మా. గల్లా సరిపోయి, బ్యాంకులో 4,500 ఎక్కువుందంటే ఎవరో పార్టీ కట్టిన డబ్బే అయ్యుండొచ్చు. అలాగైతే ఆ మనిషి మీ పుస్తకంలో ఇంకా బాకీదారే. రేపు ఫోన్ చేసి అడుగుతారు, ఆయన కట్టేశానంటాడు. ఏళ్ళ తరబడి నడిచిన ఖాతాలు ఇలాంటి మాట దగ్గర తెగిపోవడం చూశాను.

4,500ని 9తో భాగించండి, శేషం లేకుండా పోతుంది. అలా పోతే అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానించాలి. వేల అంకెకీ వందల అంకెకీ మధ్య 5 తేడా ఉన్న జమలే చూడండి: 7,200 బదులు 2,700 పడడం లాంటివి. అక్కడ దొరక్కపోతే 2,250 కోసం వెతకండి. జమ రాయాల్సింది ఖర్చు వైపు పడితే తేడా రెట్టింపవుతుంది.

చెక్కుకీ, కార్డు డబ్బుకీ ఇప్పుడు ఎంట్రీ అక్కర్లేదు, బీఆర్‌ఎస్‌లో (బ్యాంకు నిల్వనీ పుస్తకం నిల్వనీ సరిపోల్చే పట్టిక) చూపిస్తే చాలు. అన్నట్టు, చెక్కు గడువు మూడు నెలలే, నేతగాళ్ళకి ఒక మాట చెప్పండి. 590 మాత్రం పుస్తకంలో రాయాల్సిందే. 500 చార్జీ, 90 జీఎస్టీ విడివిడిగా రాయండి. మీ జీఎస్టీ నంబరు బ్యాంకులో ఇచ్చి ఉంటే ఆ 90కి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
దొరికిందండీ! హొసూరు పార్టీ నెఫ్ట్‌లో పంపింది 16,100. టాలీలో 11,600 అని ఉంది. ఈ వారం పంపాల్సిన బాకీల లిస్టులో ఆయన పేరు మీద సరిగ్గా 4,500 కనిపిస్తోంది. చాలా థ్యాంక్స్ అండీ.

జవాబు:
తారీఖు కదపకుండా ఆ ఎంట్రీలో అంకె మాత్రమే దిద్దండి. ఆ తర్వాత లిస్టు మళ్ళీ కొత్తగా తీసి పంపండమ్మా, పాత ప్రింటు వాడొద్దు.