కాలువ కట్ట మీద గడ్డి కోయించినంక ఒరిల కంపునల్లి నిండింది, గడ్డి వల్లనేనా?

మిర్యాల_ఒరి:
అన్నలకు నమస్తే. మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల ఒరి. నారు లేట్ అయ్యి పక్కనోళ్ల కంటె పదిహేను రోజులు ఎనకవడ్డ, వాళ్లది గింజ గట్టివడ్డది, నాది ఇప్పుడే పాలు పోసుకుంటంది. కాలువ కట్ట మీద నడుముల దాక గడ్డి పెరిగితె పాముల భయానికి మొన్న మంగళవారం మిషన్ పెట్టి మొత్తం కోయించిన. గురువారం పొద్దుగాల నీళ్లు చూద్దామని పోయిన, కట్ట పక్క మడిల అడుగు వెట్టంగనే గుప్పున కంపు, సన్నగ పొడుగు కాళ్ల పురుగులు లేసి నాలుగడుగులు ముందుకు పోయి మళ్ల కంకుల మీదనే వాలుతున్నయ్. కట్ట నుంచి ఆరేడు సాళ్ల దాక మస్తుగున్నయ్, నడిమిట్లకు పోతె ఏడనో ఒకటి. ఒక కంకి తెంపి గింజలు గోరుతోని నొక్కి చూసిన, కొన్నిట్ల పాలే లేవు, పొట్టు మీద సూది గుచ్చినట్టు గోధుమ రంగు చుక్క. పోయిన యాసంగిల తాలు ఉన్నదని కాటా కాడ తరుగు తీసిన్రు, ఆ బాధ ఇంక పోలే. గడ్డి కోసినందుకే ఇట్లయిందా? మిగిలిన గెట్లు కూడ కోయాల్నా, ఆపాల్నా? జర చెప్పుర్రి.

ఆయకట్టు_రైతు:
తమ్మీ, మిగిలిన గెట్లు ముట్టుకోకు, ముందుగాల ఆ పని ఆపు. ఆ నల్లి నీ ఒరిల పుట్టలె, ఇన్నాళ్లు కట్ట మీది ఊద, ఒడిపిలి అనే గడ్డిల బతికింది. ఊద ఒరి కంటె ముందు ఈనుతది గద, ఒరి కంకి ఎల్లేదాక దాని గింజల పాలు తాగుకుంట అక్కడనే గుడ్లు వెట్టి పెరుగుతది. నువ్వు కోసిన రోజు దానికి తిండి పోయింది, పక్కనే నీ ఒరి పాల మీదున్నది, ఇంకేడికి పోతది. పైగా చుట్టుపక్కలోళ్ల గింజ గట్టివడ్డదంటివి, అక్కడ ఉన్నవి కూడ మెత్తటి గింజ యాడుంటె ఆడికే వస్తయ్. లేట్ నాటుకు ఇదే తిప్పలు.
గడ్డి కోసుడు తప్పు కాదు, కోసిన టైం తప్పు. ఒరి పొట్టకు రాకముందే కట్ట సాఫ్ చెయ్యాలె. మడిల ఊద కూడ నాటిన నెలల్నే పీకాలె, చిన్నగున్నప్పుడు ఒరి లెక్కనే కనవడ్తది కని ఆకు కాడను పట్టుకునే కాడ విప్పి చూడు, సన్నటి తెల్ల పొర నాలుక లెక్క ఉంటె ఒరి, ఏం లేకుంట నున్నగుంటె ఊద. నేను కూలోళ్లకు ఇదే చూపెడ్త.

గెట్టు_మీద:
అన్నా ఇంత కష్టం ఎందుకు, కట్ట మీద గడ్డి మందు కొడ్తె మొత్తం ఎండిపోతది, నల్లికి జాగనే ఉండదు.

అగ్రి_చదువు:
అన్నా, ఇప్పుడు గడ్డి మందు కొట్టినా కోసినట్టే అయితది, గడ్డి ఎండుతుంటె అందులున్న నల్లి ఒరిలకే లేస్తది. ఇంకో సంగతి, కట్ట మీద ఉన్నదంత శత్రువు కాదు. నల్లి గుడ్లల్ల గుడ్లు వెట్టే సన్నటి కందిరీగలు ఉంటయ్, వాటికి పూల తేనె కావాలె, సాలీళ్లు కూడ ఆ గడ్డిలనే ఉంటయ్. మొత్తం మాడగొడ్తె మన దిక్కు పనిచేసేటివి కూడ పోతయ్. పీకాల్సింది ఊద, ఒడిపిలి అసొంటి గింజ గడ్డి, అది కూడ ఈనకముందు.
మిర్యాల అన్నా, ఒరి ఆకు మీది దిక్కు నడిమి ఈనె పొంటి చూడుర్రి, ముదురు ఎరుపు రంగుల చిన్న బిళ్లలు వరుసగ అతికించినట్టు పదో ఇరవయ్యో ఉంటయ్, అవే గుడ్లు. గుడ్లు గాని పచ్చగ సన్నగున్న పిల్లలు గాని కనవడ్తె ఇక్కడ కాపురం పెట్టినట్టే. ఎండ ఎక్కితె నల్లి కిందికి దిగి దాక్కుంటది, అందుకే పొద్దుగాల, పొద్దు గూకేటప్పుడే లెక్క చూడాలె. మందు కొట్టాల్సొస్తె సాయంత్రమే, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాక ఒరి పువ్వు విచ్చుకునే టైం, అప్పుడు కొడ్తె గింజ పట్టదు. చేనంత వద్దు, కట్ట దిక్కు సాళ్లు మొదలువెట్టి లోపలికి కొట్టుకుంట పోవాలె. ఏ మందు, ఎంత అనేది మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) పురుగు చూపెట్టి అడుగుర్రి, షాపుల అడగకుర్రి.

పాలమూరు_కంది:
మాకు ఒరి తక్కువ, కంది ఎక్కువ, ఇక్కడ కథ కూడ ఇట్లనే ఉంటది. మా చెల్కల డాలు లెక్క వెడల్పుగుండే పచ్చ నల్లి వస్తది. కంది కాయ కాసేదాక అది చేను చుట్టున్న కుక్కవాయింట మీద, ముండ్ల తోటకూర మీద, కాయ ఊపితె గిలగిలమనే అడవి జనుము మీద ఉంటది. మా నాయిన ఆ జనుము చెట్లు పీకనియ్యకపోయేది, చిన్నప్పుడు ఎందుకో తెల్వకపోయె. కంది పిందె మీదున్నప్పుడు పొద్దుగాల పోయి వాటి ఆకుల కింద చూస్తె గుడ్లు గుత్తిగ తేనెపట్టు గదుల లెక్క సర్ది ఉంటయ్. పొదిగినంక రెండు మూడు రోజులు పిల్లలు అక్కడనే ముద్దగ కూసుంటయ్, ఆ ఆకు తెంపి సబ్బు నీళ్లల్ల ఏసుడే. గుడ్లు నల్లగయితె మాత్రం తెంపకుర్రి, అందుల ఆ తమ్ముడు చెప్పిన కందిరీగ ఉన్నట్టు. అంటె చెట్టు ఉండుడు కాదు, ఉన్న చెట్టును చూడకుంట వదిలేసుడే మనల్ని ముంచేది.

ఆయకట్టు_రైతు:
ఇంకోటి మర్శిన. ఎండ్రకాయలు, నత్తలు దంచి గుడ్డల మూట గట్టి కట్ట దిక్కు కర్రలకు వేలాడదీయి, కుళ్లిన వాసనకు ఈ ఒరి నల్లి దానికి కమ్ముతది, పొద్దుగాల సంచి తొడిగి దులుపుకో.

మిర్యాల_ఒరి:
అందరికి థ్యాంక్స్ అన్నా. నిన్న పొద్దు గూకంగ పోయి మూటలు గట్టిన, ఈ పొద్దు ఒక్కో మూటకు గుప్పెడు నల్లి ఉండె, చేతుల కంపు సబ్బువెట్టినా పోతలే. ఆకుల మీద గుడ్లు రెండు వరుసలే దొరికినయ్, కట్ట దిక్కే. రేపు ఏఈఓ వస్తనన్నడు. తూర్పు గెట్టు కోయకుంట ఆపిన, కని అక్కడ ఊద ఈనింది, గింజ కూడ పట్టింది. దాన్ని ఇప్పుడు ఏం చెయ్యాలె, అట్లనే వదిలెయ్యాల్నా?

ఆయకట్టు_రైతు:
కోయకు, నీ ఒరి గింజ గట్టివడేదాక ఉండనియ్యి, నల్లి అక్కడనే తింటుంటె నీకు మంచిదే. మూటలు ఆ గెట్టుకు కూడ గట్టు. గింజ రాలకముందు ఊద కంకులు మాత్రం కొడవలితోని తెంపి సంచిల ఏసుకొని బయటికి తీసుకపో, లేకుంటె వచ్చే పంటకు మడంత అదే మొలుస్తది.