గేమింగ్ పీసీకి రెండో గ్రాఫిక్స్ కార్డు చేర్చాలా, ఒకే పెద్ద కార్డు కొనాలా?

ప్రశ్న: హన్మకొండ విద్యార్థి

నా పీసీలో 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, బీ450 మదర్‌బోర్డు, 550 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. 1440పీ (2560×1440 పిక్సెళ్ల) మానిటర్ తీసుకున్నప్పటి నుంచి కొత్త ఆటల్లో ఫ్రేములు (సెకనుకు తెరపై వచ్చే చిత్రాలు) బాగా పడిపోతున్నాయి. బోర్డుపై రెండో పొడవాటి స్లాటు ఖాళీగా ఉంది కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో మరో 3060 పెట్టుకుంటే వేగం, మెమరీ రెండూ రెట్టింపవుతాయని ఇక్కడి దుకాణదారు ఒకరు చెప్పారు. ఇందులో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: కాజీపేట వాసి

తమ్ముడూ, ఆటల కోసమే అయితే ఆ రెండో కార్డు కొనవద్దు. కార్డులను జోడించే ఎస్‌ఎల్‌ఐ పద్ధతిని 1998లో 3డీఎఫ్‌ఎక్స్ సంస్థ వూడూ2 కార్డుతో తెచ్చింది, 2004లో ఎన్విడియా దానికి మళ్లీ ప్రాణం పోసింది. మీ 3060 ఉన్న ఆర్‌టీఎక్స్ 30 వరుసకు వచ్చేసరికి జోడించే కనెక్టర్ 3090 తరగతికే మిగిలింది, 3060కి అసలు లేదు. ఆటలు గ్రాఫిక్స్ కార్డును వాడుకోవడానికి విండోస్‌లో ఉండే డైరెక్ట్‌ఎక్స్ 12లో మార్గం ఉన్నా ఆ పని ఆటను తయారుచేసినవారే చేసిపెట్టాలి, అలా చేసినవారు చాలా తక్కువ.

ఎస్‌ఎల్‌ఐ పనిచేసిన రోజుల్లోనూ మెమరీ రెట్టింపయ్యేది కాదు. ఒక ఫ్రేమును ఒక కార్డు, తర్వాతి ఫ్రేమును రెండో కార్డు గీసేవి కనుక ఒకే టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాలపై అతికించే బొమ్మలు) రెండింటిలోనూ ఉండాల్సి వచ్చేది. పైగా ఒక ఫ్రేము 8 మిల్లీసెకన్లకు, తర్వాతిది 25 మిల్లీసెకన్లకు వస్తే సగటు లెక్క సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది, కంటికి మాత్రం ఆట తడబడుతున్నట్టే ఉంటుంది.

సమాధానం: కరీంనగర్ నుంచి

పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఒక్కో 3060 పూర్తి భారంలో 170 వాట్లు తీసుకుంటుంది, రెండింటికి మీ పవర్ సప్లై చాలదు. చాలా బీ450 బోర్డుల్లో రెండో స్లాటుకు నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులే) ఉంటాయి. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే ఎండల్లో, పై కార్డు ఫ్యాన్లకు కింది కార్డు అడ్డుగా ఉంటే వేడిగాలి తప్ప ఇంకేమీ అందదు.

అయితే కొత్త కార్డు కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఆట నడుస్తుండగా జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని చిప్) వినియోగం 95 శాతానికి పైనే ఉంటే లోపం కార్డుదే. 60, 70 దగ్గరే ఆగితే ప్రాసెసర్ వెనుకబడుతోందని అర్థం. అప్పుడు బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 ప్రాసెసర్ పెట్టుకోవడమే మేలు.

హన్మకొండ విద్యార్థి

ధన్యవాదాలు అన్నా. వినియోగం 98 శాతం చూపిస్తోంది. అప్పుడప్పుడు 3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోనూ పనిచేస్తాను, దానికైనా రెండో కార్డు ఉపయోగపడుతుందా?

సమాధానం: కాజీపేట వాసి

అక్కడ ఉపయోగం ఉంది. బ్లెండర్‌లో తుది చిత్రాన్ని గీసే (రెండర్ చేసే) సైకిల్స్ అనే భాగం ఎస్‌ఎల్‌ఐ లేకుండానే రెండు కార్డులనూ వాడుకుంటుంది, కానీ దృశ్యం ఒక్కో కార్డు మెమరీలో పట్టాలి. రోజూ రెండరింగే వృత్తి అయితే ఆలోచించవచ్చు. మీ అవసరానికి 3060ని అమ్మేసి, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గానీ 16 జీబీ 5060 టీఐ గానీ ఒక్కటే తీసుకోండి. దానితోపాటు మంచి 650 వాట్ల పవర్ సప్లైకి డబ్బు పక్కన పెట్టుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ధరలు కనుక్కుని, మీ క్యాబినెట్‌లో కార్డు పొడవుకు చోటుందో లేదో టేపుతో కొలిచాకే బిల్లు కట్టండి.