వెబ్ ఆప్షన్ల ముందు పిల్లలకు కాలేజీలు చూపించాలా, అక్కర్లేదా?

గాజువాక తండ్రి:
అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) అయ్యాక వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలు, బ్రాంచీల వరుస, ఆన్‌లైన్‌లో పెట్టాలి. విశాఖ చుట్టుపక్కల కాలేజీలు ముందుగానే వాడికి చూపించాలని నా ఉద్దేశం. మా బావగారు మాత్రం "ర్యాంకే రాలేదు, అప్పుడే కాలేజీలేంటి, సీటొచ్చాక వెళ్తే చాలదా" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి. వెళ్లాలా, వద్దా? వెళితే ఎప్పుడు, ఏం చూడాలి?

సీతమ్మధార మాస్టారు:
మీ బావగారి మాటలో బలముందండి. సీటు దేన్ని బట్టి వస్తుంది? ర్యాంకు, కేటగిరీ, మీరు పెట్టిన ఆప్షన్ల వరుస. క్యాంపస్‌లో మీరు చూసిందేదీ ఆ లెక్కలోకి రాదు. పైగా జనం బయల్దేరేది మే నెలలో. అప్పటికి సెమిస్టర్ పరీక్షలో, సెలవులో నడుస్తుంటాయి. తాళాలేసిన ల్యాబులు, ఖాళీ క్యాంటీను, ఏసీ రిసెప్షన్లో చేతికో బ్రోచరు ఇచ్చే పీఆర్వో. పిల్లవాడు ఆ అద్దాల బిల్డింగు చూసి "ఇదే కావాలి నాన్నా" అంటాడు. ఇక ఇంట్లో ఎవరు చెప్పినా వినడు.

దీంతో ఎక్కువ అన్యాయం జరిగేది పాత సంస్థలకు. ఆంధ్రా యూనివర్సిటీ పుట్టింది 1926లో. పాత కట్టడాలు, పాత చెక్క బల్లలు చూసి పదిహేడేళ్ల పిల్లలు పెదవి విరుస్తారు. అక్కడి లైబ్రరీ, సీనియర్ ప్రొఫెసర్లు, దేశమంతా ఉన్న పూర్వ విద్యార్థులు పైకి కనిపించేవి కావు కదా.

కావలసింది ఇంట్లో కూర్చునే దొరుకుతుంది. కిందటేడాది ఎక్కడ ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పే లాస్ట్ ర్యాంకుల పట్టికలో కాలేజీ, బ్రాంచి, కేటగిరీ, అబ్బాయిలు, అమ్మాయిలు అన్నీ విడివిడిగా ఉంటాయి. ఎన్‌బీఏ గుర్తింపు ఏ బ్రాంచికి ఎప్పటిదాకా ఉందో ఎన్‌బీఏ సైటులో చూడొచ్చు. రెండూ నాణ్యతను చూసి ఇచ్చేవే, కానీ నాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి. గేటు మీది ఫ్లెక్సీలో రెండూ పక్కపక్కనే వేస్తారు, చాలామంది పొరబడేది అక్కడే. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) నిబంధన ప్రకారం ప్రతి కాలేజీ తన సైటులో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ పెట్టాలి. ఫ్యాకల్టీ పేర్లు, అర్హతలు, సీట్ల సంఖ్య, ఫీజులు అందులోనే ఉంటాయి. ముందు అవి చదవండి.

ల్యాబ్ రికార్డు:
మాస్టారూ, ర్యాంకు మారదన్నది నిజమే. వరుస మారుతుందిగా! కౌన్సెలింగ్‌లో కంప్యూటరు మీ ఆప్షన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మీ ర్యాంకుకు మొదట ఏది దొరికితే అది ఇచ్చేస్తుంది, దాని కిందున్నవాటి జోలికే పోదు. రెండు కాలేజీల సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) లాస్ట్ ర్యాంకులు దగ్గరదగ్గరగా ఉంటే ఏది పైన పెట్టాలో ఏ పట్టికా చెప్పదు. వెళ్లి చూడాల్సింది సరిగ్గా అక్కడే. ఊళ్లో ఉన్న కాలేజీలన్నీ తిరగమని నేనూ అనను.

మీరు చెప్పిన డిస్‌క్లోజరే ప్రింటు తీసి చేతిలో పట్టుకెళ్లండి. ఒక బ్రాంచిలో ఏడాదికి 180 సీట్లనుకుందాం. రెండో సంవత్సరం నుంచి నాలుగో సంవత్సరం దాకా 540 మంది. ఏఐసీటీఈ లెక్కలో ఇరవై మందికి ఒకరు చొప్పున 27 మంది అధ్యాపకులు ఉండాలి. కాగితం మీద 27 పేర్లూ ఉంటాయి. డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డులో టైంటేబుళ్లు అంటించి ఉంటాయి, ఒక్కో షీటు కిందా సబ్జెక్టు ఎదురుగా చెప్పేవారి పేరు రాస్తారు. అన్ని సెక్షన్లవీ చూసి, మళ్లీ మళ్లీ వచ్చే పేర్లు ఒకసారే లెక్కపెట్టండి. "న్యూ ఫ్యాకల్టీ" అని రాసి ఉన్న గడులు ఎన్నో కూడా చూడండి. సెమిస్టరు సగమయ్యాక కూడా ఆ గడి అలాగే ఉందంటే ఆ సబ్జెక్టు ఎవరో ఒకరు సర్దుబాటుగా లాగిస్తున్నారన్నమాట.

ల్యాబులో యంత్రాల సంఖ్య కంటే వాడకం చూడాలి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) ల్యాబులో సీఆర్వోలు, అంటే సిగ్నళ్లను తెర మీద చూపే యంత్రాలు, వరుసగా కనిపిస్తాయి. వాటికి తగిలించే ప్రోబులు (కొలిచే తీగలు) ఎక్కడున్నాయో అడగండి. ప్రోబు లేనిదే దానితో ఒక్క కొలతా తీయలేం. బల్లకు ఇద్దరు ముగ్గురుంటే పని నేర్చుకుంటారు. ఆరుగురుంటే వెనకున్నవాళ్లు రీడింగులు ఎక్కించుకుని రికార్డు రాసేస్తారు. మెకానికల్ వర్క్‌షాపులో లేత్ కింద ఇనుప రజను, కూలెంటు మరకలు ఉన్నాయంటే మంచి గుర్తు. నేల మరీ తళతళలాడుతుంటే ఆ యంత్రం ఆఖరుసారి ఎప్పుడు తిరిగిందో ల్యాబ్ అసిస్టెంటునే అడగండి. ఆయన దాచడు.

సీతమ్మధార మాస్టారు:
చెప్పడానికి బాగానే ఉంది. బయటివాళ్లను డిపార్ట్‌మెంటు దాకా ఎవరు పోనిస్తారు? గేటు దగ్గర పేరు రాయించుకుని అడ్మిషన్ బ్లాకులో కూర్చోబెడతారు. అక్కడినుంచి చూపించేదంతా వాళ్లు చూపించదలచుకున్నదే.

ల్యాబ్ రికార్డు:
చెప్పాపెట్టకుండా వెళితే అంతేనండి. రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి "కాలేజీ చూడాలి" అనకుండా "ఫలానా బ్రాంచి హెచ్‌ఓడీని (ఆ బ్రాంచి హెడ్‌ని) కలవాలి, ఒక ల్యాబు చూడాలి, అబ్బాయి కూడా వస్తాడు" అని అడగండి. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్లండి, క్లాసులు జరుగుతూ ఉంటాయి. శనివారం వద్దు, రెండో శనివారం అసలే వద్దు. ముందే చెప్పినా పని రోజున ఒక్క ల్యాబు కూడా చూపించలేమన్నారంటే అదీ ఒక సమాధానమే. రాసుకోండి.

భీమిలి రోడ్డు:
ల్యాబుల గొడవలో పడి అసలు సంగతి మర్చిపోతున్నారు. మన ఊళ్లో అందరూ తేలిగ్గా తీసుకునేది దూరం. గాజువాక నుంచి కాలేజీలున్న తగరపువలస దాదాపు 45 కిలోమీటర్లు. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం అన్నీ దాటాలి. పదకొండు గంటలకు సొంత కారులో వెళ్లి "దగ్గరే" అనుకుని వచ్చేస్తారు. కాలేజీ బస్సు అలా వెళ్లదు. స్టాపు స్టాపుకీ ఆగుతూ గంటన్నర దాకా పడుతుంది. తొమ్మిదికి క్లాసంటే పిల్లవాడు ఏడుకైనా రోడ్డు మీద ఉండాలి, ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. నాలుగేళ్లపాటు రోజూ. కోడింగు నేర్చుకోవాలన్నా ప్రాజెక్టు చేయాలన్నా ఆ పిల్లవాడికి మిగిలే టైమెంత?

అందుకని చూడటానికి వెళ్లే రోజు కూడా ఉదయం బస్సులొచ్చే వేళకే బయల్దేరండి, కాలేజీ బస్సు వెళ్లే దారినే వెళ్లండి. మీ స్టాపులో నిలబడి పదిహేను నిమిషాలు చూస్తే బస్సులో పిల్లలు కూర్చుని వెళ్తున్నారో నిలబడి వెళ్తున్నారో కళ్ల ముందే కనిపిస్తుంది. బస్సు ఫీజు కాలేజీ ఫీజులో కలవదు, విడిగా అడగాలి. పరీక్షల రోజుల్లో మధ్యాహ్నం పేపరు అయ్యాక బస్సు ఉంటుందో లేదో కూడా అడగండి, చాలామందికి ఆ ఊసే తట్టదు.

ఒక రోజుకి ఒక దిక్కే పెట్టుకోండి. మధురవాడ, రుషికొండ, సంగివలస, దాకమర్రి ఒక రోజు. దువ్వాడ, సబ్బవరం మరో రోజు. రెండు దిక్కులూ ఒకే రోజు తిరగాలంటే సబ్బవరం మీదుగా వెళ్లే ఆనందపురం–అనకాపల్లి బైపాస్ ఉంది, యాభై కిలోమీటర్లుంటుంది. కానీ ఊళ్లో పిల్లల్ని ఎక్కించుకునే బస్సు ఆ దారిన రాదు. బైపాస్‌లో మీకు పట్టిన టైముని పిల్లవాడి ప్రయాణం టైముగా లెక్కేయొద్దు.

క్యాలెండరు కూడా చూసుకోండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. హనుమంతవాక, ఎంవీపీ, సీతమ్మధార, ఎన్‌ఏడీ మీదుగా జనం నడుస్తారు, ట్రాఫిక్ మళ్లిస్తారు. చాలా ఏళ్లలో అది కౌన్సెలింగ్ రోజుల దగ్గరే పడుతుంది. ఆ రోజుల్లో కాలేజీల పని పెట్టుకోకండి.

పెందుర్తి అమ్మ:
హాస్టల్లో వేయాలనుకునేవాళ్లకు రెండు మాటలు. అమ్మాయిల హాస్టల్లోకి తండ్రుల్ని రానివ్వరు, తల్లో అక్కో వెళ్లాల్సిందే. నమూనా గది చూపిస్తామంటే సరేనని చూసి, తర్వాత పై అంతస్తు గది ఒకటి చూపించమనండి. బాత్రూంలో కుళాయి తిప్పి చూడండి, నీళ్లు ఏ వేళల్లో వదులుతారో అక్కడి ఆయమ్మను అడగండి. వేసవిలో ట్యాంకర్ల మీద నడిచే హాస్టళ్లలో పై అంతస్తుకు నీళ్లు సరిగా ఎక్కవు. సముద్రం దగ్గరి బిల్డింగుల్లో కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగు తుప్పు పట్టాయేమో చేత్తో పట్టుకుని చూడాలి, రంగు వేస్తే కంటికి తెలియదు. మెస్‌లో పప్పు రుచి ఒక్క పూటతో తేలదు గానీ, భోజనాల వేళకు వెళ్తే చెయ్యి కడుక్కునే చోటు, ప్లేట్లు తోమే చోటు చూడొచ్చు. రాత్రి జ్వరమొస్తే ఎవరు, ఏ బండిలో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో వార్డెన్ గారిని పేర్లతో సహా చెప్పమనండి. ర్యాగింగ్ ఫిర్యాదులకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) హెల్ప్‌లైన్ 1800-180-5522. అది గోడ మీద కనబడేలా ఉందో లేదో చూసి, పిల్లల ఫోన్లో కూడా వేయండి.

ల్యాబ్ రికార్డు:
ఇంకో సంగతి. తల్లిదండ్రులు పక్కనుంటే సీనియర్లు నోరు విప్పరు. అందుకే పనులు పంచుకోవాలి. ఫీజు, బస్సు, హాస్టల్ పని తండ్రి ఆఫీసులో చూసుకోవాలి, ఆ అరగంటా పిల్లవాడు క్యాంటీన్ దగ్గరో బస్సు బే దగ్గరో మూడో సంవత్సరం వాళ్లతో మాట్లాడాలి. "కాలేజీ బాగుంటుందా అన్నా?" అని అడిగితే "బాగుంటుంది తమ్ముడూ" అంటారు, అక్కడితో సరి. "ఈ సెమిస్టర్లో ఏ సబ్జెక్టుకి సార్ మారారు? మిడ్ పేపర్లు దిద్ది చూపిస్తారా? వారంలో ల్యాబు ఎన్నిసార్లు రద్దయింది? ఇంటర్న్‌షిప్ కాలేజీ ఇప్పించిందా, మీరే కొనుక్కున్నారా?" ఇలా అడగాలి. ప్రశ్నలు పిల్లవాడే తన చేత్తో రాసుకోవాలి. హెచ్‌ఓడీ గదిలోనూ మొదటి పది నిమిషాలు వాణ్నే మాట్లాడనివ్వండి. నాన్న ప్రశ్నలతో నాన్న తేల్చిన కాలేజీలో మొదటి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు పోతే, ఆ తప్పు ఎవరిదన్న గొడవ ఇంట్లో మొదలవుతుంది.

ప్లేస్‌మెంట్ సెల్‌లో అత్యధిక ప్యాకేజీ అడగొద్దు, అది గోడ మీదే ఉంటుంది. మీ బ్రాంచిలో అర్హులు ఎందరు, ఉద్యోగమొచ్చిన విద్యార్థులు ఎందరు, మధ్యస్థ ప్యాకేజీ (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చిన జీతం) ఎంత అని అడగండి. ఒకే పిల్లవాడికి మూడు ఆఫర్లొస్తే మూడుగా వేసే చోట్లున్నాయి. అందుకే "ఆఫర్లు కాదండీ, విద్యార్థులు" అని నొక్కి అడగాలి.

సీతమ్మధార మాస్టారు:
ఇలా పని రోజున, రెండు మూడు కాలేజీలకే, ఇంత ముందు చూసుకుని వెళ్లేటట్టయితే నాకు పేచీ లేదు. మే నెల విహారయాత్రకు మాత్రం ఒప్పుకోను. ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్లినా ఇవే ప్రశ్నలు వేయండి, గోడల్ని చూసి మార్కులు వేయకండి. అక్కడ రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వేరువేరు, ఫీజులో తేడా చాలా ఉంటుంది, ఆప్షన్ పెట్టేటప్పుడు కోడ్ చూసుకోండి.

గీతం లాంటి డీమ్డ్ యూనివర్సిటీలది వేరే దారి. అవి వెబ్ ఆప్షన్లలో ఉండవు, సొంత పరీక్ష. అలాంటి చోట్ల ఈఏపీసెట్ ర్యాంకు రాకముందే డబ్బు కట్టమనే గడువు వచ్చేస్తుంది కాబట్టి, వెళ్లాలనుకుంటే ముందే వెళ్లాలి. యూజీసీ నిబంధనల్లో సీటు వదులుకున్న తేదీని బట్టి వాపసు తగ్గుతూ పోతుంది, అడ్మిషన్ల చివరి తేదీ దాటిన 30 రోజుల తర్వాత ఏమీ రాదు. ఆ చివరి తేదీ ఏదో కాగితం మీద రాయించుకోకుండా ఒక్క రూపాయి కట్టకండి.

గాజువాక తండ్రి:
అందరికీ ధన్యవాదాలండి. ఒకటే చిక్కు. జూనియర్ కాలేజీ వాళ్లు సెలవివ్వరు. దసరాకీ సంక్రాంతికీ ఇస్తారు గానీ అప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలూ మూసే ఉంటాయి. మరి ఎప్పుడు?

ల్యాబ్ రికార్డు:
రెండు విడతలుగా చేయండి. ఫిబ్రవరిలో మీరొక్కరే ఒక పని రోజున వెళ్లి దూరం, ఫీజు, టైంటేబుల్ బోర్డు చూసి రండి. నాలుగైదు కాలేజీలుంటే రెండుకి దిగుతాయి. ఇంటర్ పరీక్షలు మార్చిలో, జేఈఈ మెయిన్ రెండో విడత ఏప్రిల్ మొదట్లో అయిపోతాయి. అప్పటికి చాలా బీటెక్ కాలేజీల్లో క్లాసులు నడుస్తూనే ఉంటాయి. ఏప్రిల్ మధ్యలో ఒకే ఒక్క రోజు అబ్బాయిని తీసుకెళ్లి ఆ రెండూ చూపించండి. ఈఏపీసెట్ చదువులోంచి ఒక్క రోజు పోతుంది, అంతకంటే వద్దు. ర్యాంకొచ్చాక లెక్క తారుమారై వేరే కాలేజీ ముందుకొస్తే, ఆప్షన్లు తెరిచేలోపు దాన్నొక్కదాన్ని చూసి రండి. ఆప్షన్లు పెట్టుకోవడానికి ఇచ్చేది కొద్ది రోజులే, ఆ రోజుల్లో తిరుగుళ్లు పెట్టుకోవద్దు. ఫ్రీజ్ చేసేముందు, అంటే ఆప్షన్లు ఖాయం చేసేముందు, వరుస మరోసారి అబ్బాయి చేతే చదివించండి.

వెళ్లేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉంచేయండి. "చూసిస్తాం" అని తీసుకుని సీటు ఖాయమనే చోట్లు ఉన్నాయి. ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని ఏఐసీటీఈ కాలేజీలకు స్పష్టంగానే చెప్పింది. టెన్త్ మెమో, ఇంటర్ హాల్‌టికెట్ జెరాక్సులు చాలు, అవి కూడా అడిగితేనే ఇవ్వండి.