జర్మనీలో ఫ్రీలాన్స్ కాంట్రాక్ట్, బిజినెస్ వీసా మీద వెళ్లొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని, ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చునే బయటి క్లయింట్లకు పని చేసి ఇన్‌వాయిస్ పంపేవాణ్ణి. ఇప్పుడు మ్యూనిక్‌లో 8 నెలల కాంట్రాక్ట్ వచ్చింది, రోజూ క్లయింట్ ఆఫీసుకే వెళ్లాలట. మధ్యలో ఉన్న ఏజెన్సీ వాళ్లేమో "షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే) బిజినెస్ వీసా మీద వచ్చేయండి, మూడు నెలలకోసారి బయటికెళ్లి వస్తే చాలు, 183 రోజులు దాటకపోతే ట్యాక్స్ కూడా ఉండదు" అంటున్నారు. నాకెందుకో తేడాగా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు 1:
తేడాగానే ఉంది బ్రదర్. బిజినెస్ వీసా మీటింగులకూ బేరాలకూ, అంతేగానీ రోజూ వెళ్లి కోడ్ రాసి డబ్బు తీసుకోవడానికి కాదు. పైగా ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులే ఉండొచ్చు కాబట్టి, వారం బయట తిరిగొచ్చినంత మాత్రాన లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవదు. మీకు కావాల్సింది జర్మనీ నివాస చట్టం 21వ సెక్షన్ కింద ఇచ్చే పర్మిట్. పని ఇస్తామని క్లయింట్లు రాసిచ్చిన లెటర్లు, ఆదాయం అంచనా, హెల్త్ ఇన్సూరెన్స్ అడుగుతారు. 45 ఏళ్లు దాటితే ముసలితనానికి ఏం కూడబెట్టుకున్నారో కూడా చూపించమంటారు.

ఒక్క క్లయింటే, వాళ్ల ఆఫీసే, వాళ్ల ల్యాప్‌టాప్, వాళ్లు చెప్పిన టైమింగ్స్... ఇలా ఉంటే అక్కడ దాన్ని ఫ్రీలాన్స్ అనరు, ముసుగేసిన ఉద్యోగం అంటారు. అది తేలితే సోషల్ సెక్యూరిటీ బకాయిలు క్లయింట్ మెడకు చుట్టుకుంటాయి, అందుకే పెద్ద కంపెనీల వాళ్లు దీనికి తెగ భయపడతారు. కాంట్రాక్ట్‌లో ఆ భాగం ముందు చదవండి.

జవాబు 2:
ట్యాక్స్ సంగతి నేను చెప్తా. 183 రోజుల రూలు జీతగాళ్లది, మనది కాదు. ఇండియా, జర్మనీ పన్ను ఒప్పందంలో సొంతంగా పని చేసేవాళ్లకు 120 రోజులే, అక్కడ మీకంటూ స్థిరమైన ఆఫీసు ఉంటే ఆ 120 కూడా చూడరు. ఎలాగూ మీరు ఆరు నెలలు దాటి ఉంటున్నారు కాబట్టి అక్కడి రెసిడెంట్ అవుతారు, అప్పుడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా వాళ్లకు చూపించాలి. 2025కి 12,096 యూరోల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఆ పైన 14 శాతంతో మొదలై 45 దాకా ఎక్కుతుంది. ఇన్‌వాయిస్ మీద 19 శాతం వ్యాట్ వేరే, అది మీ డబ్బు కాదు, ప్రభుత్వానికి కట్టాల్సింది, వచ్చిన వెంటనే వేరే ఖాతాలో పక్కన పెట్టేయండి. మీరు ఫ్రీలాన్సరా, వ్యాపారా అన్నది అక్కడి ట్యాక్స్ ఆఫీసు, అంటే ఫినాన్స్‌ఆమ్ట్, తేలుస్తుంది. వ్యాపారం అని తేలిస్తే, లాభం 24,500 యూరోలు దాటినప్పుడు ఇంకో పన్ను కూడా పడుతుంది.

జవాబు 3:
పైవాళ్లు చెప్పనిది ఒకటుంది. ట్యాక్స్ నంబర్ చేతికి రాకుండా ఇన్‌వాయిస్ పంపకండి, నా మొదటిది అకౌంట్స్ వాళ్లు అలాగే తిప్పి పంపారు. ఆ నంబర్ కోసం ఎల్‌స్టర్ అనే పోర్టల్‌లో ఫారం నింపాలి, అందులోకి వెళ్లడానికి కోడ్ పోస్టులో వస్తుంది. నేను వేరేవాళ్ల ఫ్లాట్‌లో గది తీసుకుని పోస్ట్ డబ్బా మీద నా పేరు అంటించుకోలేదు, పోస్ట్‌మ్యాన్ పేరు కనబడక ఉత్తరం వెనక్కి పంపేశాడు. తెల్ల కాగితం ముక్క మీద పేరు రాసి టేపు వేసుంటే సరిపోయేది, దానికి నాకు నెలన్నర పోయింది, చేతిలో డబ్బులు లేక ఒకటే టెన్షన్!

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అందరికీ. 21వ సెక్షన్ పర్మిట్‌కి లెటర్ ఇస్తారా అని ఇప్పుడే ఏజెన్సీకి మెయిల్ పెట్టాను. "అంత అవసరమా సార్" అని ఫోన్ చేశారు. రాతపూర్వకంగా చెప్పమన్నాను, ఇంకా జవాబు లేదు.