మండల సమాఖ్యలో అనుకున్నది సంఘం దాకా రావట్లేదు, ఏం మార్చాలి?

ప్రశ్న (కొత్త వీవోఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలు):
అందరికీ నమస్కారం. మా గ్రామ సంఘం కింద 22 మహిళా పొదుపు సంఘాలున్నాయి. మండల సమాఖ్యలో స్త్రీనిధి (సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) గురించి ఏం చెప్పినా మా గ్రామ సంఘం అధ్యక్షురాలి దగ్గరే ఆగిపోతోంది. బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) రెన్యువల్‌కు పుస్తకాలు ఇవ్వాలన్న సంగతి ఒక సంఘానికి గడువు దాటాక తెలిసింది. వాట్సాప్‌లో పెడుతున్నాను, కానీ చాలామంది ఫోన్లు పిల్లల దగ్గరే ఉంటాయి. సమాచారానికి వేరే కమిటీ వేద్దామంటున్నారు. వేయమంటారా?

జవాబు (మండల సమాఖ్య మాజీ కార్యదర్శి):
కమిటీ వద్దమ్మా, ముందు మీటింగుల తేదీలు చూడు. 2000లో సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) వచ్చాక మెల్లగా ఈ అంచెలన్నీ కట్టారు: పది పదిహేనుమంది ఆడవాళ్లు ఒక సంఘం, వాళ్లలో ఇద్దరు లీడర్లు గ్రామ సంఘానికి, అక్కడినుంచి మండల సమాఖ్యకు, ఆపైన జిల్లాకు. దారి ఉంది, తేదీలే కుదరవు. మా మండలంలో గ్రామ సంఘాలు నెల మొదట్లో కూర్చునేవి, సమాఖ్య పదో తారీఖున. అక్కడ తీర్మానమైంది కిందికి రావడానికి మళ్లీ నెల పట్టేది! మండలంలో ఈ పని చూసే అధికారి ఏపీఎం గారితో గట్టిగా మాట్లాడి సమాఖ్యను మొదటి వారానికి, గ్రామ సంఘాలను రెండో వారానికి మార్పించాం. ఆ వారంలోనే సంఘాల్లో మాట నడిచేది.

ఇంకొకటి. గ్రామ సంఘం మీటింగులో మొదటి అంశంగా, పోయినసారి ఏ సంఘం ఏం అడిగింది, పైనుంచి ఏం జవాబొచ్చింది అన్నది తీర్మానాల పుస్తకంలోంచి చదివించు. అడిగినదానికి జవాబు రాకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరు లీడర్లన్నారు కదండీ, మా దగ్గర చాలా సంఘాలనుంచి ఒక్కరే వస్తారు. అదీ ఏళ్లుగా ఆ ఒక్కరే.

జవాబు (మాజీ కార్యదర్శి):
అసలు చిక్కు అక్కడుంది. ఒకరు మర్చిపోయింది రెండోవాళ్లు చెబుతారనే ఇద్దరిని పెట్టారు. రెండో లీడర్ రాకపోతే ఆ సంఘం పేరు ఎదురుగా పుస్తకంలో రాయి, ఇద్దరూ వచ్చేదాకా ప్రతిసారీ చదువు. సంఘంలో విషయం చెప్పే పని రెండో ఆమెకే ఇవ్వు, అప్పుడు వినక తప్పదు. లీడర్ల పదవీకాలం మీ బైలాలో ఎంత రాసుందో చూసి, దాటినవాళ్ల లిస్టు మీ ఊళ్ల సంఘాలను చూసే సీసీ గారికి ఇవ్వు. నీ ఒక్కదానితో అయ్యే పని కాదది, గొడవ నెత్తిన వేసుకోకు.

జవాబు (ఇంకో మండలం వీవోఏ):
మేం వాయిస్ మెసేజ్ పెడతాం అక్కా, చదవలేనివాళ్లు కూడా వింటారు. బాగానే పనిచేస్తోంది.

జవాబు (మాజీ కార్యదర్శి):
తేదీ, టైమ్ చెప్పడానికి మంచిదే. అప్పు, వడ్డీ, కిస్తీ మాటలు మాత్రం మీటింగులోనే చెప్పండి. వాయిస్ మెసేజ్‌ను ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేరు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది పదిమంది ముందు తేలాలి, కాదన్నవాళ్ల మాట కూడా పుస్తకంలోకి ఎక్కాలి.