అప్‌డేట్: నాన్నగారి అమెరికా షేర్ల విషయంలో లాయరు కుదిరారు

విజయవాడలో కన్నుమూసిన మా నాన్నగారికి అమెరికా బ్రోకరేజీ ఖాతాలో షేర్లున్నాయని, ఎలాంటి లాయరును పెట్టుకోవాలని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మొదట మాట్లాడిన లాయరు మొత్తం ఆస్తి విలువలో 4 శాతం ఫీజు అడిగారు. వీలునామా, ప్రొబేటు (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) గురించే చెప్పారు కానీ పన్ను ఊసే ఎత్తలేదు. నాకు నమ్మకం కలగలేదు. రెండవ లాయరు ఫోనెత్తగానే అడిగిన ప్రశ్న: "మీ నాన్నగారు అమెరికా పౌరులా? స్థిరనివాసం ఎక్కడ?" ఈమే సరైన మనిషి అని అక్కడే అనిపించింది.

పౌరులు కాక, అక్కడ స్థిరనివాసమూ లేనివారి అమెరికా ఆస్తి 60,000 డాలర్లు దాటితే, మరణించిన 9 నెలల్లోపు ఎస్టేట్ పన్ను (మరణించినవారి ఆస్తిపై పడే పన్ను) కోసం 706-ఎన్‌ఏ అనే రిటర్ను వేయాలి. అమెరికా కంపెనీ షేర్లను విజయవాడలో కూర్చుని కొన్నా అవి అక్కడి ఆస్తే. మన దేశంలో ఇలాంటి పన్నే అయిన ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది కనుక ఈ ఆలోచనే మాకు రాలేదు. అప్పటికే ఏడు నెలలు గడిచిపోయాయి! 4768 ఫారం వేస్తే రిటర్నుకు మరో 6 నెలలు దొరుకుతాయి, పన్ను చెల్లింపు గడువు మాత్రం దానితో పెరగదు. అందుకే అంచనా వేసి పన్ను ముందే కట్టాము.

నాన్నగారి మామూలు బ్యాంకు డిపాజిట్టు ఈ లెక్కలోకి రాదని తెలిసి అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఫీజు పని మొత్తానికి ఇంత అని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాము. రిటర్ను గత వారం పంపాము. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ (ఎస్టేట్ పన్ను వ్యవహారం తేలిందని ఇచ్చే పత్రం) వచ్చాకే షేర్లను అమ్మ పేరిట మారుస్తామని బ్రోకరేజీ సంస్థ అంటోంది. దానికి నెలలు పడుతుందని లాయరు ముందే చెప్పారు.